చిరునామా గడి

ఈ ఊళ్ళో దాక్కోవడం తేలిక.
రాత్రయితే సగం తిరుపతి నేలమీదే పడుకుంటుంది,
స్టేషను ముందర, సత్రాల వసారాల్లో, బస్టాండు మెట్ల మీద.
గుండు చూసి, ఎవరు మొక్కు చెల్లించినోళ్ళో
ఎవరు పేలు పడి గీయించుకున్నోళ్ళో
పోలీసాయనక్కూడా తెలీదు.
ఆరేళ్ళు నేనట్లా భక్తుడి మాదిరి బతికినా.

తేడా తెల్లారినాక తెలుస్తుంది.
వాళ్ళు చాప చుట్టుకుని రైలెక్కుతారు.
మనం చాప చుట్టుకుని
ఇంకో నీడలోకి పోతాం.

ఇప్పుడు నా మెడలో ఒక కార్డుంది,
ఫోటో, కింద చెంగల్రాయులు అని పేరు.
సంచిలో ఫ్లాస్కు, గాజుగుడ్డ, ఓఆర్ఎస్ పొట్లాలు,
ఒక పొడుగు నోటుబుక్కు.
అందులో గళ్ళు: పేరు, వయసు, జబ్బు, చిరునామా.

చిరునామా గడి కాడ మొదట్లో పెన్ను ఆగేది.
రెడ్డెమ్మక్క అనింది:
"ఖాళీగా వదిలినావంటే ఆ మనిషి లేడని రాసినట్టేరా."
అప్పట్నుంచీ రాస్తాండా.
ఫ్లైఓవరు కింద, పదిహేడో స్తంభం, పూలకొట్టు వైపు.
రుయా ఆస్పత్రి గోడ, పగిలిన కొళాయి పక్కన.
గూడ్సు షెడ్డు వెనక, నల్లకుక్క ఉండే చోట.
కుక్క మారితే చిరునామా మారినట్టు.

నా పాత స్తంభం నలభై ఒకటి.
ఇప్పుడక్కడ ఏకాంబరం ఉండాడు.
నారాయణవనంలో మగ్గం నేసినోడంట.
కూర్చున్నా కుడికాలు ఆడతానే ఉంటుంది,
లేని మగ్గాన్ని తొక్కుతాన్నట్టు.

మొదటి రాత్రి టీ పోస్తే పారబోసినాడు.
రెండో రాత్రి తాగి, గ్లాసు విసిరినాడు.
మూడో రాత్రి అడిగినాడు:
"నువ్వేమన్నా దేవుడి మనిషివా?"
"కాదబ్బా, ఈ స్తంభం మనిషిని" అన్నా.
సిమెంటు మీద, నడుమెత్తులో,
మేకుతో గీసిన గీతలు చూపించినా.
తాగకుండా గడిపిన దినాల లెక్క.
రెండు గీతలు. కింద మూడు. మళ్ళీ ఒకటి.
మళ్ళీ ఒకటి.
ఆయప్ప వేలితో తడిమినాడు,
పోగు తెగిన చోటు వెతికేవాడి మాదిరి.
ఏమీ అనలేదు. నేనూ మానెయ్ అనలేదు.
నాకట్లా చెప్పినోళ్ళంతా మంచోళ్ళే,
ఒక్కరి మొగమూ గుర్తులేదు.
లేచేముందు ఫోన్ నంబరు చీటీ
ఆయన చొక్కా జేబులో పెట్టినా.

నిన్న రుయాలో గంగులయ్య పోయినాడు,
నల్లకుక్క గంగులయ్య.
కాయితంలో బంధుత్వం అన్న చోట
గూడ్సు షెడ్డు అని రాసినా.
ఆ పాప కొట్టేసి, తెలిసినవాడు అని దిద్దింది.
బయటికొచ్చేసరికి తొమ్మిదిన్నర.
బ్రాందీషాపు మూసేదానికి అర్ధగంట.
కాళ్ళు వాటికవే నడిచినాయి.
పదకొండు నెలల తొమ్మిది దినాలు
జేబులో చిల్లర మాదిరి గలగలమంటా వెంట వచ్చినాయి.
క్యూలో నిలబడినా.
ఈ ఊళ్ళో క్యూలు కొత్త కాదు కదా.

ముందరున్నోడు వెనక్కి తిరిగినాడు.
ఏకాంబరం.
నా కార్డు చూసినాడు. చేతులు చూసినాడు.
ఆయన చేతుల కంటే నావే వణుకుతాండాయి.
"ఏం సామీ, ఇది నీ లైను కాదే."
మందు వాసన కొడతానే
మోచెయ్యి పట్టి పక్కకు లాగినాడు.
నా సంచిలోంచే ఫ్లాస్కు తీసి
మూతలోకి సగం, మట్టిలోకి సగం పోసి
"తాగు" అన్నాడు.
చల్లారిన టీ. తాగినా.
చొక్కా జేబులో చీటీ మడత చెదరకుండా ఉంది.
దాన్ని చూసి నా ఫోన్లోనే నంబరు నొక్కి
నా చెవికాడ పెట్టినాడు.
అవతల రెడ్డెమ్మక్క నిద్రగొంతుతో, "యాడుండావురా?"

చిరునామా చెప్పినా.

తర్వాత ఆయన మళ్ళీ లైన్లోకి పోయినాడు.
నేనాపలేదు.
ఆపే బలం ఆ పొద్దు నా దగ్గర లేదు.

రాత్రి నోటుబుక్కు తెరిస్తే
సాయం చేసినవారు, సాయం పొందినవారు.
ఏ పేరు ఎటు రాయాలో తేలక
రెండు పేర్లూ రెండు వైపులా రాసినా.
లెక్కలు చూసే సారు తిడతాడు. తిట్టనీ.

తెల్లారి నలభై ఒకటి కాడికి పోయినా.
నిద్రలో ఉండాడు. కాలు కదులుతాండాది.
గీతల కింద కొత్తదేమన్నా ఉందేమోనని వంగి చూసినా.
లేదు.
కొండ మీద నడకదారి లైట్లు ఆరిపోతాండాయి.
పక్కనే కూర్చున్నా.
ఆయన లేచేలోపల
టీ చల్లారకుంటే చాలు.